పెరట్లో స్టాండింగ్ ప్రాక్టీసుకి టార్గెట్ సెట్ కొంటున్నారా? ముందు రంధ్రం కొలవండి

ఇంగ్లండ్‌లో ఎయిర్‌గన్ ఫీల్డ్ టార్గెట్ మొదలుపెట్టిన మనవాళ్లు ఈ మధ్య క్లబ్బుల్లో అక్కడక్కడ కనబడుతున్నారు. వాళ్ల కోసమే ఇది. ఆన్‌లైన్‌లో "40 గజాల స్టాండింగ్ షాట్, మీ పెరట్లో 10 గజాల్లోనే" అంటూ ఒక సెట్ అమ్ముతున్నారు. కొనకండి. కొనేసి ఉంటే ఒక్క పెల్లెట్ కూడా కాల్చకముందే కొలవండి. నాకు 48 పౌండ్లు, రెండు నెలల ప్రాక్టీసు పోయాయి. డబ్బు సరే, ఆ రెండు నెలల్లో పట్టిన చెడ్డ అలవాటే ఇంకా వదల్లేదు.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఎలుకదో కాకిదో ఆకారంలో ఇనుప బొమ్మ, దానికి గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రాన్నే కిల్ జోన్ అంటాం. పెల్లెట్ అందులోంచి దూరి వెనకున్న పలకను కొడితే బొమ్మ పడుతుంది. ముందు రేకుకి తగిలితే సున్నా. ఇక్కడ దూరాలు 8 నుంచి 55 గజాలు, రంధ్రాలు మామూలుగా 15, 25, 40 మిల్లీమీటర్లు. ఎక్కువ షాట్లు కూర్చునే కొడతాం. నిలబడి కొట్టేవి కొన్నే, మార్కులు పోయేది మాత్రం అక్కడే.

ఇక ఆ సెట్ లెక్క చూడండి. 40 గజాల్లో 40 మిల్లీమీటర్లు కాబట్టి 10 గజాల్లో 10 చాలట. వినడానికి బాగానే ఉంది, నేనూ నమ్మాను. కానీ దూరాన్ని నాలుగో వంతు చేస్తే పెల్లెట్ నాలుగో వంతు అవుతుందా? అది అదే 4.5 మిల్లీమీటర్లు. 40 రంధ్రంలో అంచుకి తగలకుండా దూరాలంటే పెల్లెట్ నడిమి బిందువుకి ఉన్న చోటు 35.5. అందులో నాలుగో వంతు సుమారు 8.9. దానికి పెల్లెట్ మందం కలిపితే 13.4 రావాలి. 10 రంధ్రంలో మిగిలేది 5.5 మాత్రమే. అంటే నేను 40 గజాల్లో 26.5 మిల్లీమీటర్ల రంధ్రాన్ని నిలబడి కొడుతున్నట్టు! పైగా వెర్నియర్ కాలిపర్ పెట్టి చూస్తే 10 అని అమ్మిన రంధ్రం 9.2 ఉంది. ఆ లెక్కన అది 23 దగ్గరకి వస్తుంది.

మన దగ్గర 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చి వచ్చినవాళ్లు ఇంకా తొందరగా మోసపోతారు. అక్కడ పెల్లెట్ అంచు గీతను తాకినా పై మార్కే ఇస్తారు, అందుకే పది మార్కులకి అర మిల్లీమీటరు చుక్క సరిపోతుంది. ఇక్కడ అంచు మనకి శత్రువు. నేనూ కాలేజీ రోజుల్లో అదే కాల్చినవాణ్ణి, ఈ తేడా బుర్రకెక్కలేదు.

ఆ సెట్ మీద పది షాట్లకి రెండు పడేవి. లోపం నాలోనే ఉందనుకుని రోజూ ఇంకో వంద కాల్చాను. రంధ్రం మరీ చిన్నదైతే స్కోపులో గురి చూసే క్రాస్ అందులో నిలవదు, అటూ ఇటూ ఊగుతూ దాటిపోతుంటుంది. దాటేలోపు కొట్టేయాలన్న టెన్షన్‌లో ట్రిగ్గర్‌ని గుంజడం మొదలవుతుంది. క్లబ్బులో ఒక పెద్దాయన నా వేలు చూసి, "ఎన్నో సైజు మీద ప్రాక్టీసు చేస్తున్నావు?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. పదికి ఆరేడు పడే సైజుతో మొదలుపెట్టి, తొమ్మిది పడ్డాకే తగ్గించమన్నాడు. మెటల్ పని వచ్చిన ఇంకో క్లబ్ మెంబరు రంధ్రాన్ని 13.5కి పెద్దది చేసిచ్చాడు. అదే వారం ఆరు పడ్డాయి.

రేకు కూడా పలచనిదే. నెలకే వంగింది, వంగిన రేకు మీంచి ఒక పెల్లెట్ వెనక్కొచ్చి షెడ్డు తలుపుకి తగిలింది. కళ్లద్దాలు పెట్టుకోకుండా దీని ముందు నిలబడొద్దు.

డబ్బు వెనక్కి అడిగితే "వాడేశారు కదా" అన్నారు. ఇక్కడ వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న ఇలాంటి వస్తువుని అందిన 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వద్దనొచ్చు. చెప్పినట్టు లేకపోతే 30 రోజుల్లోపు తిప్పి పంపి పూర్తి డబ్బు అడగొచ్చు. నేను కాలిపర్ తీసింది ఆ గడువులన్నీ దాటాక. మీరు పార్సిల్ విప్పిన రోజే కొలిచి, కాలిపర్‌తో సహా ఫోటో తీసి పెట్టుకోండి.

నిన్న మళ్లీ చూశాను. అదే ఫోటో, అదే 10 మిల్లీమీటర్లు. పేరు పక్కన "ప్రో" అని చేర్చి 62 పౌండ్లు చేశారు.