ఆరు నెలల ప్రసూతి అల్ట్రాసౌండ్ శిక్షణ: ఏళ్ల తరబడి ప్రోబ్ పట్టాక నా అభిప్రాయం

తిరుపతిలో నాది చిన్న క్లినిక్. చంద్రగిరి, పాకాల, ఏర్పేడు వైపు నుంచి వచ్చే గర్భిణులే ఎక్కువ. ఎం.బి.బి.ఎస్. తర్వాత స్కానింగ్ శిక్షణ తీసుకున్నాను. అప్పటినుంచి రోజూ ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరం) పట్టుకునే పనే. ఆ కోర్సులో చేరమంటారా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. చేరండి. అయితే అది ఎంతవరకు తీసుకెళ్తుందో తెలుసుకుని చేరండి.

పీజీ చేయని ఎం.బి.బి.ఎస్. డాక్టరు గర్భిణులకు స్కాన్ చేయాలంటే 2014 నిబంధనల ప్రకారం ఈ ఆరు నెలల శిక్షణ ఉండాలి. మొత్తం 300 గంటలు, చేసిన స్కాన్లు రాసుకునే లాగ్‌బుక్, చివర్లో పరీక్ష. ఇది ఎలాగూ తప్పదు.

నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది కొలతల క్రమశిక్షణ. మాకు నేర్పిన మేడం, సరైన ప్లేన్ (కొలవాల్సిన అడ్డకోత బొమ్మ) తెరమీదకు వచ్చేదాకా కాలిపర్ (కొలత గుర్తులు పెట్టే మీట) మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. తల కొలవాలంటే మెదడు మధ్యగీత, మెదడు నడిమి భాగాలైన థాలమస్‌లు, కేవమ్ కనపడాలి, సెరిబెల్లమ్ (చిన్నమెదడు) కనపడకూడదు. పొట్ట చుట్టుకొలతకు జీర్ణాశయం బుడగ, లోపలికి వంపు తిరిగే బొడ్డు సిర ఉండాలి, కిడ్నీలు ఉండకూడదు. తొడ ఎముకకు రెండు చివర్లూ స్పష్టంగా రావాలి. అప్పట్లో విసుగనిపించేది. ఇప్పుడు "బిడ్డ ఎదగలేదంట మేడం" అంటూ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చే తల్లిని చూసినప్పుడల్లా ఆ పట్టుదల విలువ తెలుస్తుంది. పొట్ట కొలత ఏటవాలుగా తీస్తే మిషను లెక్కగట్టే బరువు మారిపోతుంది. తిరిగి నిదానంగా కొలిస్తే చాలాసార్లు బిడ్డ బాగానే ఉంటుంది.

తేదీల పాఠం కూడా అంతే గట్టిది. మా దగ్గరకొచ్చేవాళ్లలో చాలామందికి చివరి నెలసరి తేదీ గుర్తుండదు. "గంగజాతర అయిన వారానికి మేడం" అంటారు. అందుకే మొదటి మూడు నెలల్లో బిడ్డ పొడవు కొలిచి కాన్పు తేదీ వేయాలి. ఆ తేదీని తర్వాతి స్కాన్లలో మార్చకూడదు. మార్చుకుంటూ పోతే ఎదుగుదల ఆగిన బిడ్డ కూడా "చిన్న వయసు బిడ్డ"గా కనపడి మన చేతుల్లోంచి జారిపోతుంది. తొలి వారాల్లో గుండె చప్పుడు కనపడకపోతే తొందరపడొద్దని కూడా బాగా నేర్పారు. బిడ్డ పొడవు 7 మి.మీ. చేరకుండా, లేదా బిడ్డ కనపడని పిండపు సంచి సగటు వ్యాసం 25 మి.మీ. చేరకుండా గర్భం పోయిందని రాయకూడదు. వారం, పది రోజులాగి మళ్లీ చూడాలి.

ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలిచేది) విషయంలో శిక్షణ పరిచయం దగ్గరే ఆగింది. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, బిడ్డ పొడవు 45 నుంచి 84 మి.మీ. ఉన్నప్పుడు చేయాలని తెలిసింది గానీ, తల, ఛాతీ పైభాగమే తెరనిండా వచ్చేలా, మెడ వంగకుండా బిడ్డను పట్టుకునే ఓపిక రాలేదు. లండన్‌లోని ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ వాళ్ల ఆన్‌లైన్ కోర్సు చదివి, బొమ్మలు తీసి తీసి సాధన చేశాకే చెయ్యి కుదిరింది. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో వివరంగా చూసేది) నేను చేయను. ఈ శిక్షణ దానికి సరిపోదు. 18 వారాలు దాటగానే ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గరకు పంపిస్తాను. ఆలస్యం చేస్తే, లోపం బయటపడినప్పుడు ఆలోచించుకోవడానికి ఆ కుటుంబానికి టైము మిగలదు.

గైనిక్ భాగం బలహీనం. శిక్షణకు వచ్చే కేసుల్లో గర్భిణులే ఎక్కువ, టీవీఎస్ (యోని ద్వారా చేసే స్కాన్) తక్కువ. అదీ చాలాసార్లు వెనక నిలబడి చూడటమే. అండాశయం గడ్డలు చూసేటప్పుడు ఐయోటా అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన సులభ సూత్రాలు, అంటే మామూలు గడ్డకు ఐదు లక్షణాలు, క్యాన్సర్‌కు ఐదు లక్షణాలు, స్లైడ్ల మీద కంఠస్థం చేశాం. ప్రోబ్‌తో చూసింది తక్కువ. టీవీఎస్‌కు ఆడవాళ్లను ఎలా ఒప్పించాలో, బిగుసుకోకుండా ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. మూత్రం పోసుకుని రమ్మని చెప్పడం దగ్గర్నుంచి అది మాటతోనే మొదలయ్యే పరీక్ష.

నిజానికి మాట గురించే పాఠం లేదు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే 1994 చట్టం సెక్షన్లన్నీ చదివించారు, ఆ చట్టం కింద ప్రతి గర్భిణి స్కాన్‌కూ రాయాల్సిన ఫారం ఎఫ్ నింపించారు. గదిలో అత్త పక్కనే కూర్చుని "ఏం బిడ్డో ఒక్క మాట చెప్పమ్మా" అని గడ్డం పట్టుకుంటే కోడలు ముఖం చూస్తూ ఏం చెప్పాలన్నది మాత్రం ఎవరికి వాళ్లే వెతుక్కోవాలి. నేను తెర తిప్పి గుండె చూపిస్తాను. "బాగా కొట్టుకుంటా ఉండాది చూడు పెద్దమ్మా, అదే చెప్తా, ఇంకేం చెప్పను" అంటాను. బిడ్డకు లోపముందని చెప్పాల్సిన రోజు ఇంకా కష్టం. కోర్సులో దానికి ఒక పూటన్నా కేటాయించాలని నా గట్టి కోరిక.

ఇంకొకటి. నేర్చుకునేది ఖరీదైన మిషను మీద, తర్వాత మనం వాడేది మామూలు మిషను. డెప్త్ (ఎంత లోతు చూడాలో), గెయిన్ (బొమ్మ వెలుగు), ఫోకస్ (ఏ లోతులో స్పష్టత) చేత్తో సర్దుకోవడం పాత మిషను మీద కూడా నేర్పమని మొదటి వారంలోనే అడగండి.

ఫీజు కట్టేముందు ఆ సెంటర్లో ఓపీ జరిగే పూట వెళ్లి కూర్చోండి. ప్రోబ్ ట్రైనీ చేతిలో ఉంటోందా, లేక ట్రైనీ గోడ పక్కన నిలబడి ఉంటోందా చూడండి. టీవీఎస్ కేసులు వారానికి ఎన్ని వస్తాయో, అందులో మీరు స్వయంగా చేసేవి ఎన్నో సూటిగా అడగండి. జవాబు తేల్చి చెప్పకపోతే ఇంకో సెంటర్ చూసుకోండి.