ఆ పాత పుస్తకాల వాట్సాప్ గ్రూపు ఆయన దగ్గర మాత్రం కొనకండి

రోజూ సాయంత్రం ఇంగ్లిష్ క్రైమ్ నవలల ఫొటోలు పెడతాడే, ఆయన సంగతే. మీలో చాలామంది కొనే ఉంటారు. పి.డి. జేమ్స్ 1972 నాటి నవల 'యాన్ అన్‌సూటబుల్ జాబ్ ఫర్ ఎ ఉమన్' కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. 'ఒరిజినల్, నీట్ కండిషన్' అని పెట్టాడు. 450 ఫోన్‌పే చేశాను.

వచ్చింది పైరసీ కాపీ. అట్ట మీద అక్షరాలు అలుక్కుపోయాయి, కాగితం అవతలి అచ్చు కనబడేంత పల్చన. అయినా చదవడం మొదలుపెట్టాను, కథ అలాంటిది మరి. కార్డీలియా గ్రేకి 22 ఏళ్లు. డిటెక్టివ్ ఏజెన్సీలో పార్ట్‌నర్ ఆత్మహత్య చేసుకుని, ఆఫీసునీ ఒక లైసెన్సు లేని తుపాకీనీ ఆమెకి వదిలిపోతాడు. ఒంటరిగా పట్టిన మొదటి కేసు ఇది. కేంబ్రిడ్జిలో చదువు మానేసి తోటపనికి కుదిరిన మార్క్ అనే కుర్రాడు ఉరికి వేలాడుతూ దొరికాడు. ఎందుకు చనిపోయాడో తేల్చమంటాడు తండ్రి. ఆ కుర్రాడు చనిపోయిన ఇంట్లోనే మకాం పెడుతుంది ఈ పిల్ల, ఏం ధైర్యమండీ! ఎవరో ఆమెని బావిలో పడేస్తారు. వీపు ఒక గోడకి ఆనించి, కాళ్లు ఎదుటి గోడకి తన్నిపెట్టి, కొంచెం కొంచెంగా పైకి పాకుతోంది. పేజీ తిప్పితే 176 తర్వాత 209. రెండు ఫారాలు, అంటే పదహారేసి పేజీల రెండు కట్టలు, లేవు!

ఫొటో తీసి పంపి, "అన్నా, 32 పేజీలు లేవు, డబ్బులు వెనక్కి ఇచ్చేయండి" అని మర్యాదగానే అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. చాలాసేపటికి వచ్చిన మెసేజ్‌లో మొదటి మాటే హంతకుడి పేరు. "చంపింది ఇతనే. ఇంక ఆ పేజీలతో మీకేం పని మేడమ్?" అని, పక్కన నవ్వే బొమ్మ. ఫోన్ తెరవకముందే నోటిఫికేషన్‌లో కనబడిపోయింది. చూడకుండా ఉండే దారి కూడా లేకుండా చేశాడు.

450 పోతే పోయింది. కానీ పుస్తకాలు అమ్ముకుని బతికే మనిషికి, క్రైమ్ నవల చదివేవాళ్లకి ఆ పేరు చెప్తే ఏమవుతుందో తెలియదా? తెలిసే చేశాడు. నోరు మూయించడానికి చేశాడు. నేను తిరిగి జవాబు రాసేలోపే గ్రూపులోంచి తీసేశాడు, నంబరు బ్లాక్ చేశాడు.

కొనేవాళ్లు డబ్బు వేసే ముందు కాపీరైట్ పేజీ ఫొటో, పేజీలన్నీ తిప్పి చూపించే వీడియో అడగండి. కుదరదంటే వదిలేయండి. ఏ గ్రూపో తెలియనివాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, చెప్తాను.