కిటికీకి కట్టిన హాట్‌స్పాట్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

2020 జూన్‌లో ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టమన్నప్పుడు నా దగ్గరున్నది ఫోన్ డేటా ఒక్కటే. లెక్కల టీచర్‌ని. మొదటి రోజు సమీకరణం సగం రాసేసరికే తెర మీద నా బొమ్మ బిగుసుకుపోయిందట. ఆ సంగతి తెలీక పది నిమిషాలు ఖాళీ గదికి శ్రద్ధగా పాఠం చెప్పాను. ఆ వారంలో కొన్నదే ఈ డబ్బా: అరచేతిలో పట్టే 4జీ పాకెట్ హాట్‌స్పాట్. సిమ్ వేస్తే చుట్టూ వైఫై ఇస్తుంది. కంపెనీ పేరు చెప్పను.

పెట్టెలో డబ్బా, చార్జింగ్ వైరు, ఒక చిన్న కాగితం. కాగితం మీద క్యూఆర్ కోడ్. ఎలా సెట్ చేసుకోవాలో ఆ కోడ్ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో చదువుకోవాలి. అంటే నెట్ ఎలా పెట్టుకోవాలో తెలియాలంటే ముందు నెట్ ఉండాలి. నాకు ఫోనుంది కాబట్టి నవ్వొచ్చింది.

పెట్టె మీద 150 ఎంబీపీఎస్ (సెకనుకి 150 మెగాబిట్లు) అని పెద్దక్షరాలు. అది డౌన్‌లోడ్ లెక్క, అదీ కాగితం మీదే. పాఠం చెప్పేవాళ్లకి కావాల్సింది అప్‌లోడ్, అంటే మన వైపు నుంచి బయటికి పంపే వేగం. దానికి వెనకవైపు చిన్నక్షరాల్లో 50 అని ఉంది. నాకు వచ్చింది పగలు 3, సాయంత్రం చుట్టుపక్కల అందరూ సినిమాలు పెట్టుకున్నాక 1 కూడా లేదు. ఆ ఏడాది మార్చిలో నెట్‌వర్క్‌ల మీద భారం తగ్గించడానికి యూరప్‌లో నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ వీడియో నాణ్యత తగ్గించాయి. ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

ఇందులో నాకు బాగా నచ్చింది సెట్టింగ్స్ పేజీ. సిగ్నల్‌ని గీతల్లో కాక అంకెల్లో చూపిస్తుంది. మధ్యగదిలో మైనస్ 118 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే యూనిట్), కిటికీ గట్టు మీద మైనస్ 98. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. ఇరవయ్యేగా తేడా అనిపిస్తుంది. కానీ అది లాగరిథమ్ కొలత, ప్రతి 10కీ పది రెట్లు. అంటే కిటికీ దగ్గర సిగ్నల్ వంద రెట్లు బలంగా ఉంది! లాగరిథమ్స్ ఎందుకు టీచర్, ఎక్కడ పనికొస్తాయి అని ఏళ్ల తరబడి అడిగిన పిల్లలకి ఇన్నాళ్లకి జవాబు దొరికింది. డబ్బాని రబ్బరు బ్యాండ్లతో కిటికీ ఊచకి కట్టేశాను. ఆ తర్వాత నా వైపు నుంచి క్లాసు ఆగడం అరుదు.

ఇక హాజరు పెరుగుతుందనుకున్నాను. పెరగలేదు. 38 మందిలో రోజూ 14, మహా అయితే 15. ఒక్కో ఇంటికీ ఫోన్ చేశాను. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఒకటే ఫోను, ముగ్గురి క్లాసులూ తొమ్మిదింటికే. ఇంకో ఇంట్లో ఫోను పొద్దున్నే వాళ్ల నాన్నతో పనికెళ్లి రాత్రికి వస్తుంది. ప్రపంచం మొత్తమ్మీద కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకి దూరవిద్య అందుబాటులో లేదని యునిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పింది. లెక్కల బుర్ర కదా, నా అనుమానం నాకొచ్చింది: రాత్రికి ఫోనొచ్చే ఈ పిల్లాణ్ని 'ఉంది' కింద వేయాలా, 'లేదు' కింద వేయాలా? ఇంట్లో పరికరం ఉన్నా పిల్లలు చదువుకోలేకపోవచ్చని వాళ్లూ రాశారు.

అప్పుడు డేటా లెక్క వేశాను. గంటసేపు వీడియో క్లాసుకి నా డబ్బా మీటరు ప్రకారం దాదాపు 1 జీబీ. మాట మాత్రమే పంపితే సెకనుకి 70 కిలోబిట్లు చాలు, గంటకి 30 ఎంబీ పైచిలుకు. ఒక వీడియో క్లాసు డేటాతో ముప్పై గంటలు మాట్లాడొచ్చు. పాఠాన్ని పది నిమిషాల ఆడియోగా, నోట్సు ఫోటోలుగా మార్చి రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. ఇంటికి ఫోనొచ్చే వేళ అది. నెల తిరిగేసరికి హోంవర్కు 27 మంది నుంచి వచ్చింది. చూశారా, డబ్బా కొన్న తర్వాత నేను చేసిన మంచి పని డబ్బాని తక్కువ వాడటం.

ఒక అమ్మాయికి అసలు నెట్టే లేదు, పాత ఫోను మాత్రం ఉంది. సెలవుల్లో ఈ హాట్‌స్పాట్ ఇచ్చి పంపాను. రెండో రోజే మాస్కు వేసుకుని గేటు దగ్గరకొచ్చి నిలబడింది. "అన్ని గదుల్లోనూ పెట్టి చూశాను టీచర్, డాబా మీద కూడా. లైటు ఎర్రగానే ఉంది," అంది. సిగ్నలే లేని చోట ఈ డబ్బా ఏం చేస్తుంది? దాంతో పాటు చేతిలో నోట్‌బుక్ కూడా ఉంది. పాఠ్యపుస్తకం చూసి తనంతట తనే చేసిన లెక్కలు, పదకొండు పేజీలు. అందులో రెండే తప్పులు.

బ్యాటరీ సంగతి. రోజంతా చార్జింగ్‌లో ఉంచితే ఏడాదికి ఉబ్బి వెనక మూత లేచింది. అలా ఉంచకండి, ఉబ్బితే వెంటనే తీసేయండి. ఫిర్యాదు చేద్దామని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, వెబ్‌సైట్‌లో ఫోటోలు అప్‌లోడ్ చేయమని రికార్డెడ్ గొంతు చెప్పింది. ఏ నెట్‌తో చేయాలో చెప్పలేదు.

కొనాలనుకుంటే డబ్బాలో వేయబోయే సిమ్‌నే ముందు ఫోన్లో వేసి, మీ కిటికీ దగ్గర సెట్టింగ్స్‌లో డీబీఎం చూసుకోండి. మైనస్ 115 దాటి కిందికి పోతే డబ్బు దండగ.

ఐదుకి మూడు స్టార్లు. బ్యాటరీకి ఒకటి తీశాను, క్యూఆర్ కోడ్ కాగితానికి ఒకటి.