జాగ్రత్త! ‘స్టీరియో టు మోనో’ కేబుల్ పేరిట ఉత్త తీగలు అంటగడుతున్నారు

ఒకే ఇన్‌పుట్ ఉన్న సబ్ వూఫర్ ఆంప్లిఫయర్ వాడేవాళ్లు దయచేసి ఇది చదవండి. ప్రీ ఔట్ (స్పీకర్లకు పంపేంతగా పెంచకముందే సిగ్నల్‌ను బయటికిచ్చే సాకెట్లు) నుంచి వచ్చే ఎడమ, కుడి సిగ్నళ్లను ఒకటిగా కలపడానికి ఆన్‌లైన్‌లో ఒక కేబుల్ తెప్పించాను. ‘లోపల రెసిస్టర్లు ఉన్నాయి, ఏ ఔట్‌పుట్‌కైనా పెట్టుకోవచ్చు’ అని ప్రకటనలో రాశారు. రెండూ అబద్ధమే.

తగిలించగానే సబ్ వూఫర్ బాగానే మోగింది. మారిపోయింది ముందున్న స్పీకర్ల తీరు. ఎడమ పక్క వినిపించాల్సిన వయొలిన్, కుడి పక్క వినిపించాల్సిన మృదంగం రెండూ మధ్యలోకి వచ్చేశాయి. కేబుల్ తీసేస్తే మళ్లీ ఎక్కడివక్కడ. అనుమానం వచ్చి, కేబుల్‌ను దేనికీ తగిలించకుండా ఎడమ, కుడి ప్లగ్గుల నడిమి పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టాను. దాదాపు సున్నా ఓమ్‌లు! రెసిస్టర్ల జాడే లేదు. రెండు తీగలను నేరుగా ముడివేసి పైన రబ్బరు తొడిగారు, అంతే.

ఇది చిన్న లోపం కాదు. ప్రతి ఔట్‌పుట్ తన వోల్టేజీని తాను నిలబెట్టుకోవాలని చూస్తుంది, దాని ఇంపీడెన్స్ (కరెంటుకు కలిగే అడ్డు) తక్కువ. రెండింటినీ నేరుగా కలిపితే, సిగ్నళ్లు వేర్వేరుగా ఉన్న ప్రతిసారీ ఒకదాని కరెంటు రెండోదానిలోకి పోతుంది. స్టీరియో చెడుతుంది, డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) పెరుగుతుంది, ఔట్‌పుట్ ఐసీల మీద అనవసర భారం పడుతుంది. పాటల్లో బేస్ చాలావరకు రెండు ఛానళ్లలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, సబ్ వూఫర్ మాత్రమే వినేవారికి తేడా తెలియదు. ఆ కేబుల్‌కు అన్ని మంచి రివ్యూలు అలాగే వచ్చి ఉంటాయి.

స్పీకర్ టెర్మినళ్లకు మాత్రం దీన్ని అస్సలు పెట్టకండి. ఇప్పటి క్లాస్-డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) ఆంప్లిఫయర్ బోర్డులు చాలావరకు బ్రిడ్జ్ పద్ధతిలో, అంటే స్పీకర్ రెండు తీగలకూ సిగ్నల్ ఇస్తూ పనిచేస్తాయి, వాటి మైనస్ టెర్మినల్ గ్రౌండు కాదు. అక్కడ కలిపితే చిప్పు కాలిపోవచ్చు.

ఒక ఔట్‌పుట్‌ను రెండు ఇన్‌పుట్‌లకు పంచడానికైతే ఇలాంటి కేబుల్ నిక్షేపంగా పనికొస్తుంది. కలపడానికి మాత్రం ఒక్కో ఛానల్‌కు 1 కిలో ఓమ్, పావు వాట్ రెసిస్టర్ పెట్టి, ఆ తర్వాతే రెండింటినీ ముడివేయాలి. అప్పుడు మీటరు 2 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామాను కొద్ది రూపాయలకే దొరుకుతుంది. మీ రిసీవర్‌కు విడిగా సబ్ వూఫర్ ఔట్ ఉంటే ఈ తంటాయే అక్కర్లేదు.

అమ్మినవాళ్లకు మీటరు ఫోటో పంపితే, “సౌండ్ వస్తోంది కదా సార్, ఇంకేమిటి సమస్య?” అన్నారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఇప్పటికే కొన్నవారు రిటర్న్ గడువు దాటకముందే పరీక్షించుకోండి. ప్లగ్గు కోయవద్దు, కోస్తే వెనక్కి తీసుకోరు. మీటరు రీడింగు, ప్రకటనలోని మాట రెండూ కనిపించేలా వీడియో తీసి ఫిర్యాదుకు జతచేయండి.