"రన్" అన్న ఒక్క మాటకు ఏ నిఘంటువు మేలు?

బడులు తెరిచే జూన్ వచ్చిందంటే నాకు తప్పని ప్రశ్న: "మా పిల్లకు ఏ డిక్షనరీ కొనమంటారు?" ఇన్నేళ్లూ నోటికొచ్చిన పేరు చెప్పి తప్పించుకున్నాను. ఈసారి మా చెల్లెలి కూతురికి నేనే కొనాల్సి వచ్చింది. ఏడో తరగతి. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేయమంటే, "కుళాయి కట్టేయకుండా వదిలేశారు" అని రావలసిన చోట "కుళాయిని పరుగెత్తుతుండగా వదిలారు" అని రాసి, టీచరు పెట్టిన ఎర్రగీతతో నా దగ్గరకు వచ్చింది. తన సంచిలోని గుప్పెడంత నిఘంటువు "రన్"కు చెప్పిన మొదటి అర్థం అదే మరి.

ఆ మాట మామూలుది కాదు. ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు 1989 నాటి కూర్పులో అందరికంటే పెద్ద పద్దు "సెట్"ది, 430 అర్థాలు. తర్వాతి సవరణలో "రన్" దాన్ని దాటేసిందనీ, క్రియగానే 645 అర్థాలు తేలాయనీ 2011లో వార్తలు వచ్చాయి. మనకు ముక్కు కారుతుంది, కాలువ పారుతుంది, బస్సు నడుస్తుంది, సినిమా ఆడుతుంది, నాయకుడు ఎన్నికల్లో నిలబడతాడు. వాళ్లకు అన్నీ "రన్" అవుతాయి. అచ్చంగా పరుగు మిగిలింది మైదానంలోనూ క్రికెట్ స్కోరులోనూ.

ఇంగ్లీషును తిట్టుకునే ముందు మన "కొట్టు"ను చూడండి. కొబ్బరికాయ కొడతాం, చెట్టు కొడతాం, సైకిలుకు గాలి కొడతాం, పాచిపోయిన కూర వాసన కొడుతుంది. ఈ జాబితా మా పిల్లకు ఎవరూ బట్టీ పట్టించలేదు. పక్కనున్న మాటను బట్టి తనకే తెలిసింది. అందుకే నా పరీక్ష ఒక్కటే: ఈ నిఘంటువు పక్కమాటను చూపిస్తుందా, లేదా?

మన ఇళ్లలో కనిపించే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. పరుగెత్తు, పారు, కారు, నడుపు అంటూ కామాలు పెట్టి వరుసగా పేరుస్తాయి. ముక్కుకు ఏది, బస్సుకు ఏది అన్నది తెలుగు వచ్చినవాడు ఊహించుకోవాలి. ఊహించగలిగినవాడికి అసలు నిఘంటువుతో పనేముంది? బ్రౌన్ దొర మాత్రం వేరు. 1850ల నాటి మనిషి అయినా, చాలా చోట్ల చిన్న ఇంగ్లీషు వాక్యం ఇచ్చి, పక్కనే తెలుగులో ఎలా అంటారో చూపించాడు. ఆయన నిఘంటువును ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ "పారుట", "కారుట" అనే ఆ తెలుగు పిల్లలకు పాతబడింది, కంప్యూటర్ ఊసు సరేసరి.

ఇంగ్లీషు-ఇంగ్లీషు అనగానే తల్లిదండ్రులు జంకుతారు. నేనూ జంకాను. అయితే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు పుట్టుకే మనలాంటి వాళ్ల కోసం. జపానులో ఇంగ్లీషు నేర్పిన హార్న్‌బీ, మరి ఇద్దరితో కలిసి, పరాయి భాషగా ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన పుస్తకం అది. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చేపట్టారు. అందులో "రన్" తెరిస్తే అర్థాల గుంపుల ముందు చిన్న గుర్తుమాటలు ఉంటాయి: యంత్రం, బస్సులూ రైళ్లూ, ద్రవం, రంగు, ఎన్నికలు. పిల్ల వాక్యంలో కుళాయి ఉంది కాబట్టి తిన్నగా "ద్రవం" దగ్గరకు వెళ్లింది. నీళ్లు వస్తూనే ఉండటం అని తనే పట్టుకుంది. తెలుగు మాట నేను చెప్పలేదు.

లోపం లేదా అంటే ఉంది. బరువు. ఒక్క "రన్" చదివేసరికి కళ్లు లాగుతాయి. నాలుగో తరగతి లోపు పిల్లలకు ఇది వద్దు, బొమ్మల నిఘంటువు చాలు.

ఫోన్‌లో అనువాదం? వాక్యం మొత్తం ఇస్తే చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. ఎందుకలా చెప్పిందో చెప్పదు. ప్రయాణంలో పనికొస్తుంది.

చివరికి హార్న్‌బీనే కొన్నాను, పాత పుస్తకాల దుకాణంలో, అట్ట కాస్త చిరిగినది. మొన్న ఆదివారం ఎర్ర ఓణీతో కలిపి నానబెట్టిన నా తెల్లచొక్కా గులాబీ రంగులో బయటకు వచ్చింది. పిల్ల ఆ పేజీ తీసి "రంగు" అన్న గుర్తుమాట మీద వేలు పెట్టి, "మామయ్యా, మనకు రంగు దిగుతుంది, వాళ్లకు పరుగెడుతుందట" అంది. చొక్కా మాత్రం ఇంకా గులాబీగానే ఉంది.