కారు లారీ ఎక్కించాం, 9,500 కాస్తా 16,210 అయింది

గురుగ్రామ్ నుంచి హైదరాబాద్‌కి బదిలీ అయినప్పుడు సామాను కంటే కారే పెద్ద టెన్షన్ అయింది. 1,500 కిలోమీటర్లకు పైనే దారి. నాగ్‌పూర్ మీదుగా మనమే నడుపుకుంటూ వెళ్దామని మావారు, ఈ మోకాళ్ళతో అంతసేపు కూర్చోలేనని అత్తయ్య. పెట్రోలు, టోల్, దారిలో రెండు రాత్రుల లాడ్జి లెక్కేస్తే 18,000 దాటింది. సరే, లారీకే ఇచ్చేద్దామనుకున్నాం.

కార్లు తరలించే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళని నలుగురిని అడిగాం. ముగ్గురు 14,000 నుంచి 17,000 దాకా చెప్పారు. నాలుగో ఆయన 9,500కే ఇంటికి చేరుస్తానన్నాడు. ఆశపడి 5,000 అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇన్సూరెన్స్ కింద కారు విలువలో ఒకటిన్నర శాతం అడిగారు, మా 4 లక్షల కారుకి 6,000. పాలసీ కాపీ చూపించమంటే "బిల్లు మీదే రాసిస్తాం మేడమ్" అన్నారు. బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు లేని కాగితానికి 6,000 ఎందుకు? వద్దన్నాం.

కారు వాళ్ళకి అప్పగించి మేం రైలెక్కాం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో భోజనం, పడక అన్నీ బాగానే ఉన్నాయి. ఝాన్సీ దాటాక మావారి ఫోన్ మోగింది. మన ఫాస్టాగ్ నుంచి టోల్ కట్ అయిందని మెసేజ్! లారీ ఎక్కేదాకా వాళ్ళ యార్డులో ఉండాల్సిన కారు రోడ్డెక్కి తిరుగుతోంది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఆ రాత్రి ఆయన నడుం వాల్చలేదు.

పదో రోజు హైదరాబాద్ శివార్లలోని కండ్లకోయ యార్డు నుంచి ఫోన్ వచ్చింది. జీఎస్టీ 1,710, దింపుడు కూలి 1,500, ఇంటికి తేవడానికి 2,500, కారు యార్డులో ఉంచినందుకు రెండు రోజుల హాల్టింగ్ 1,000. కారు వచ్చిన రెండు రోజులకు ఫోన్ చేసింది వాళ్ళు, హాల్టింగ్ కట్టాల్సింది మేము! మావారు ఎప్పుడూ గొంతు పెంచరు, ఆ రోజు అరిచారు. పైసా తగ్గలేదు. డబ్బు ముట్టాకే తాళాలు ఇచ్చారు.

పంపేముందు మీటర్ ఫోటో తీసి ఉంచాను: 61,240. ఇప్పుడు 61,392. పెట్రోలు ముల్లు ఎర్రగీత కింద. డ్రైవర్ సీటు కింద రెండు ఖాళీ గుట్కా పొట్లాలు, బంపర్ ఎడమ మూల అరచెయ్యంత మేర పెయింట్ లేదు. అదంతా డెలివరీ కాగితం మీద రాయించాకే సంతకం పెట్టాను.

నవంబరులో మా తమ్ముడి కారు ఇక్కడి నుంచి ఢిల్లీకి పంపాల్సి వచ్చింది. ఈసారి బేరం నేనే ఆడాను. తారీఖు మాది కాదు, వారం రోజుల్లో లారీలో ఎప్పుడు ఖాళీ ఉంటే అప్పుడే ఎక్కించమన్నాను. ఇల్లిల్లూ తిరిగే పని లేకుండా ఇక్కడ యార్డుకి మేమే తీసుకెళ్ళాం, అక్కడ తమ్ముడే వెళ్ళి తెచ్చుకున్నాడు. ఈ రెండింటికే 4,000 దాకా తగ్గించారు. జీఎస్టీతో సహా అన్నీ కలిపి 11,800, పైన ఒక్క రూపాయి ఉండదని వాట్సాప్‌లో రాయించాకే 2,000 అడ్వాన్స్. ట్యాంకులో యార్డు దాకా సరిపడేంతే పెట్రోలు ఉంచాం. ఫాస్టాగ్ పీకి తమ్ముడు తన బ్యాగులో పెట్టుకున్నాడు. ఏడో రోజు కారు అందింది, మీటర్ 4 కిలోమీటర్లే కదిలింది.