నోటిమాటా, సంతకమా: పథకాల ఫోటోలకు ఏ అనుమతి నయం?

పింఛను ఇచ్చేటప్పుడో, ఇంటి పట్టా అందించేటప్పుడో ఫోటో తీసి ప్రభుత్వ ప్రచారానికి వాడుకోవడం మన దగ్గర మామూలైపోయింది. అనుమతి అడిగే దారులు రెండు: అక్కడికక్కడే నోటితో అడగడం, లేదా కాగితం మీద సంతకం తీసుకోవడం.

నోటితో అడగడం తేలిక, చదువురాని అవ్వకూ అర్థమవుతుంది. కానీ డబ్బు చేతిలో పెడుతూ, పక్కన అధికారి, నాయకుడు నిలబడి ఉండగా "ఫోటో తీసుకోమంటావా అమ్మా" అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది, వచ్చే నెల పింఛను ఆగిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదా? ఆ ఫోటో రేపు ఫ్లెక్సీ మీదకెక్కుతుందని కూడా చాలాసార్లు ఎవరూ చెప్పరు.

కాగితమైతే ఫోటో ఎక్కడ వాడతారో, ఎన్నాళ్లో, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలో రాసివ్వవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉన్న సూత్రమూ ఇదే: అనుమతి స్వేచ్ఛగా, ఫలానా పనికే ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. అయితే చదివి వినిపించకుండా నాలుగు కాగితాల మధ్య వేలిముద్ర వేయిస్తే అది నోటిమాట కన్నా అధ్వానం.

నా ఓటు కాగితానికే, అదీ డబ్బు అందాక విడిగా అడిగితేనే. సభలో దూరం నుంచి తీసే జనం ఫోటోకు ముందే మైకులో చెప్తే చాలు. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిందే. ఇక సంరక్షణ గృహాల్లోని పిల్లల గుర్తింపు బయటపడకుండా 2015 బాలల న్యాయ చట్టం రక్షణ ఇస్తోంది, అక్కడ వార్డెన్ సరేనన్నంత మాత్రాన కెమెరా తీయకూడదు.